తట్టుకు మందు లేదు... కానీ వైద్యం ఉంది!

‘అమ్మ పోసింది’ అని ఇంట్లో దాచిన నాలుగు రోజులే పిల్లల పాలిట గండం
సుగ్గికి వెళ్లే కుటుంబాల్లో తప్పిపోతున్న టీకాలు

కోసిగి (మా విలేఖరి): ఉగాది దగ్గర పడుతున్నదంటే కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో మూతపడిన తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుంచి గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు సుగ్గి వెళ్లిన కుటుంబాలు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని తిరిగి వస్తాయి. అప్పులు తీర్చేవారు తీరుస్తారు, పండుగకు కొత్త గుడ్డలు తెచ్చేవారు తెస్తారు. కాగా కొన్ని ఇళ్లకు ఆ మూటలతో పాటు పిల్లల జ్వరం కూడా దిగుతుంది. మూడు రోజులు తిరగకముందే ఆ ఇంటి గుమ్మానికి వేపమండ వేలాడుతుంది. ఎవరైనా వాకిట్లోకి వస్తే, “లోపలికి రావద్దు, పిల్లకు అమ్మ పోసింది” అని ఇంట్లోని అవ్వ చేయి అడ్డం పెడుతుంది.

ఆ అవ్వ ‘అమ్మ’ అంటున్నది చాలాసార్లు తట్టునే. డాక్టర్లు మీజిల్స్ అంటారు. కోస్తా వైపు కొన్నిచోట్ల పొంగు అని, చిన్నమ్మవారు అని పిలుస్తారు. పేరు ఏదైనా ఇది ఒక వైరస్ వల్ల వచ్చే జబ్బు. ఈ వైరస్‌ను నేరుగా చంపే మందు ఇంతవరకు లేదు. ఈ ఒక్క మాట పట్టుకుని, “మందు లేని జబ్బుకు ఆసుపత్రి దేనికి?” అనేవారు ఊరూరా ఉన్నారు. అసలు పొరపాటు అక్కడే జరుగుతున్నది. తట్టుకు మందు లేకపోయినా వైద్యం ఉంది. తట్టు వచ్చిన బిడ్డ ప్రాణాన్ని, కళ్లను కాపాడేది ఆ వైద్యమే. ఇంట్లోనే ఉంచి కాలం గడిపితే పోయేవీ ఆ రెండే.

గాలిలో తేలివచ్చే జబ్బు

మనుషుల మధ్య ఇంత వేగంగా అంటుకునే జబ్బులు చాలా తక్కువ. తట్టు ఉన్న బిడ్డ దగ్గినా, తుమ్మినా వైరస్ గాలిలో కలుస్తుంది. ఆ బిడ్డ గదిలో నుంచి వెళ్లిపోయిన తరువాత కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో నిలిచి ఉంటుంది. టీకా వేయించుకోని, ఇంతకుముందు తట్టు రాని పిల్లలు పదిమంది ఆ బిడ్డకు దగ్గరగా మసలితే తొమ్మిది మందికి అంటుకుంటుంది. ఒంటిమీద పొక్కు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచి, కనిపించిన తరువాత మరో నాలుగు రోజుల దాకా ఇతరులకు అంటించే శక్తి ఉంటుంది. అంటే ఇది తట్టు అని ఇంట్లో వాళ్లు గుర్తుపట్టేలోపే వాడకట్టులోని పిల్లలకు చేరిపోయి ఉంటుంది.

మన ప్రాంతంలో తట్టు ఎక్కువగా చలికాలం చివరి నుంచి ఎండాకాలం మొదలు వరకు కనిపిస్తుంది. సరిగ్గా అవే సుగ్గి నెలలు. మిరప చేల పక్కన పట్టలు కట్టిన గుడిసెల్లో, ఒక్కో గుడిసెలో రెండు మూడు కుటుంబాలు తలదాచుకుంటాయి. తల్లులు చేనిలో కాయలు కోస్తుంటే, పసివాళ్లను ఏడెనిమిదేళ్ల పిల్లలు చంకనేసుకుని ఒక్కచోట ఆడిస్తుంటారు. వైరస్‌కు అంతకు మించిన అనువైన చోటు ఉండదు. ఒక బిడ్డ నుంచి అంటుకున్న తరువాత జ్వరం మొదలవడానికి సుమారు పది రోజులు, పొక్కు కనిపించడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అందువల్ల గుడిసెల దగ్గర అంటుకున్న జబ్బు కొందరికి సొంత ఊరు చేరిన తరువాత బయటపడుతుంది. “అక్కడున్నన్నాళ్లు బాగానే ఉండె, ఇక్కడికి రాగానే దిష్టి తగిలింది” అని తల్లులు అనుకోవడానికి కారణం ఇదే.

రోజు రోజుకూ మారే గుర్తులు

తట్టును గుర్తుపట్టడానికి పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. జ్వరం ఏ వరుసలో నడిచిందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

మొదటి రెండు మూడు రోజులు మామూలు పడిశంలాగే ఉంటుంది. జ్వరం, పొడిదగ్గు, కారే ముక్కు, వీటితో పాటు ఎర్రబారి నీరు కారే కళ్లు. బిడ్డ వెలుతురు చూడలేక ముఖం తల్లి భుజంలో దాచుకుంటుంది. ఈ దశలోనే బుగ్గల లోపలి వైపు, దవడ పళ్లకు ఎదురుగా, ఎర్రని చర్మం మీద ఉప్పు రవ్వలు చల్లినట్లు సన్నని తెల్లని చుక్కలు కనిపించవచ్చు. 1896లో న్యూయార్క్ పిల్లల వైద్యుడు హెన్రీ కాప్లిక్ ఈ చుక్కల గురించి వివరించినందున వైద్యులు నేటికీ వీటిని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఒకటి రెండు రోజులు కనిపించి పోతాయి. కనిపిస్తే మాత్రం తట్టుకు గట్టి గుర్తు.

మూడో రోజుకో ఐదో రోజుకో ఒంటిమీద పొక్కు బయలుదేరుతుంది. ఇది మొదట చెవుల వెనుక, జుట్టు మొదళ్ల దగ్గర పుడుతుంది. అక్కడ నుంచి ముఖానికి, మెడకు, ఛాతీకి, వీపుకు దిగి, చివరకు చేతులకు, కాళ్లకు వస్తుంది. పై నుంచి కిందికి దిగడమే దీని నడక. ఈ పొక్కులలో నీరు ఉండదు. ఒకదానితో ఒకటి కలిసిపోయి ఎర్రని పట్టలు పట్టలుగా ఉంటాయి. చామనచాయ పిల్లల్లో ఎరుపు తేలికగా తెలియదు. పగటి వెలుతురులోకి తీసుకువచ్చి చూడాలి, వేళ్లతో తడిమి చూడాలి. పొక్కు లేచే రోజుల్లోనే జ్వరం బాగా హెచ్చుతుంది. మూడు నాలుగు రోజుల తరువాత పొక్కు వచ్చిన వరుసలోనే తగ్గుతూ, గోధుమ రంగు మచ్చగా మారి, సన్నని పొట్టు రాలుతుంది.

అనుమానం తీర్చుకోవడానికి రక్త పరీక్ష ఉంది. గొంతు నుంచి తీసిన నమూనాతో కూడా పరీక్ష చేస్తారు. జ్వరంతో పాటు ఒంటిమీద పొక్కు ఉన్న ప్రతి బిడ్డ వివరాలను ఆరోగ్య కార్యకర్తలు పైకి తెలియజేయాలన్నది ప్రభుత్వ నిబంధన. కనుక ఏ.ఎన్.ఎం.కు గాని, ఆశా కార్యకర్తకు గాని కబురు చేస్తే బిడ్డకు వైద్యం అందడమే కాక, వీధిలోని మిగతా పిల్లలకు కాపుదల దొరుకుతుంది. ఇంట్లో దాచితే ఈ రెండూ జరగవు.

పొక్కులన్నీ ఒకటి కావు

పల్లెల్లో ఒంటిమీద ఏది లేచినా అమ్మే అంటారు. తల్లిదండ్రులు ఈ తేడాలు గమనించాలి.

ఆటలమ్మ అయితే పొక్కుల్లో నీరు నిండుతుంది, దురద ఎక్కువ. ముఖం కంటే పొట్ట, వీపు మీద ఎక్కువగా ఉంటాయి. ఒకే చోట కొత్త పొక్కు, నీటి పొక్కు, చెక్కు కట్టిన పొక్కు కలిసి కనిపిస్తాయి.

రుబెల్లా అయితే జ్వరం కొద్దిగానే ఉంటుంది. లేత గులాబీ రంగు దద్దురు మూడు రోజుల్లో పోతుంది. చెవుల వెనుక, మెడ వెనుక బిళ్లలు కడతాయి. బిడ్డకు దీనివల్ల పెద్దగా ప్రమాదం లేకపోయినా, ఆ ఇంట్లో నెల తప్పిన స్త్రీ ఉంటే ఆమె కడుపులోని శిశువుకు కళ్లు, చెవులు, గుండె దెబ్బతినే ప్రమాదం ఉంది.

డెంగీ అయితే జ్వరం, ఒళ్లు నొప్పులు, కనుగుడ్ల వెనుక నొప్పి ముఖ్యంగా ఉంటాయి. దగ్గు, జలుబు అంతగా ఉండవు. జ్వరం తగ్గే రోజుల్లోనే దీనిలో ప్రమాదం ముంచుకొస్తుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడిన చేతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే క్షణం ఆగరాదు.

ఏదైనా మందు మింగిన తరువాత దద్దురు లేస్తే అది మందు పడకపోవడం కావచ్చు. ఎండకు లేచే చెమటకాయలకు జ్వరం ఉండదు. ఇవన్నీ ఇంట్లో తేల్చుకోవలసిన విషయాలు కావు. కాని ఏ రోజు జ్వరం వచ్చింది, ఏ రోజు పొక్కు లేచింది, ముందు ఎక్కడ లేచింది అని తల్లి చెప్పగలిగితే వైద్యుని పని సగం తేలికవుతుంది.

వైద్యం అంటే ఏమిటి?

తట్టు వచ్చిన ప్రతి బిడ్డకూ ఇవ్వవలసిన మొదటి వస్తువు విటమిన్ ‘ఎ’. ఈ వైరస్ ఒంటిలోని విటమిన్ ‘ఎ’ నిల్వలను హరించివేస్తుంది. ముందే అరకొర తిండి తినే పిల్లల్లో నిల్వ అడుగంటితే కంటి నల్లగుడ్డు మెత్తబడి పుండు పడుతుంది. అందుకే వరుసగా రెండు రోజులు, రోజుకొక మోతాదు చొప్పున ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఏడాది నిండిన పిల్లలకు ఒక్కో మోతాదు 2 లక్షల యూనిట్లు, ఆరు నెలల నుంచి ఏడాది లోపు వారికి లక్ష, ఆరు నెలల లోపు వారికి 50 వేలు. కంటిలో జబ్బు గుర్తులు ఉంటే రెండు నుంచి నాలుగు వారాల తరువాత మూడో మోతాదు కూడా ఇస్తారు. ఇది ఇంట్లో సొంతంగా పోసేది కాదు, ఎక్కువైనా ప్రమాదమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వయసు చూసి కొలిచి పోయించాలి.

రెండోది, జ్వరానికి పారాసెటమాల్. బిడ్డ బరువులో కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన, ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగు సార్లు మించకుండా ఇవ్వాలి. ఒకే రకంగా కనిపించే సీసాల్లో ఒకదానిలో మందు బలం మరొక దానికి రెట్టింపు ఉంటుంది. సీసా మీద చూసి, లేదా మందు ఇచ్చిన వారిని అడిగి కొలవాలి. ఆస్పిరిన్ మాత్ర మాత్రం పిల్లలకు ఇవ్వరాదు. వైరస్ జ్వరాల్లో అది కాలేయానికి, మెదడుకు చేటు తేగలదు.

మూడోది, నీరు, తిండి. తల్లిపాలు తాగే బిడ్డకు పాలు మాన్పరాదు. విరేచనాలు ఉంటే ఓ.ఆర్.ఎస్. ఇవ్వాలి. నోరు పూసిన బిడ్డ గట్టి పదార్థాలు తినలేదు కనుక జొన్న గంజి, రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, పప్పునీళ్లు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి. జబ్బు తగ్గిన తరువాత కూడా కొన్ని వారాల పాటు రోజుకొక పూట అదనంగా తినిపించాలి. తట్టు పోతూ పోతూ బిడ్డలోని రోగనిరోధక శక్తిని దెబ్బతీసి పోతుంది. ఆ తరువాతి నెలల్లో ఊపిరితిత్తుల జబ్బు, విరేచనాలు పట్టుకోవడానికి ఇదే కారణం.

నాలుగోది, కళ్లు. శుభ్రమైన నీటిలో తడిపిన మెత్తని గుడ్డతో, ఒక్కో కంటికి వేరు గుడ్డతో పుసులు తుడవాలి. చీము కడితే వైద్యులు ఇచ్చే పూతమందు తప్ప మరేదీ కంటిలో వేయరాదు.

ఇక సూదుల సంగతి. జ్వరం వచ్చిన బిడ్డను సంచి వైద్యుని దగ్గరకు తీసుకుపోగానే సూది వేస్తేనే వైద్యం జరిగినట్లు మనవాళ్లు భావిస్తారు. యాంటీబయాటిక్ మందులు బాక్టీరియా క్రిముల మీద పనిచేస్తాయి గాని వైరస్ మీద పనిచేయవు. తట్టులో న్యుమోనియా గాని, చెవిలో చీము గాని తోడైనప్పుడు అవే ప్రాణాధారం. అంతవరకు వాటితో లాభం లేదు. పైగా సూది పడింది కదా అన్న ధీమాతో అసలు ఆసుపత్రికి వెళ్లవలసిన సమయం మించిపోతుంది.

ఊపిరి లెక్క పెట్టండి

తట్టులో పిల్లల ప్రాణాలు తీసేది ఎక్కువగా న్యుమోనియా. దీనిని కనిపెట్టడానికి సెకన్ల ముల్లు ఉన్న గడియారమో, సెల్‌ఫోనో చాలు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, నిద్రపోతున్నప్పుడైతే మరీ మంచిది, చొక్కా ఎత్తి పొట్ట కదలికను నిండా ఒక నిమిషం లెక్కించాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి 50 గాని అంతకు మించి గాని, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు 40 గాని అంతకు మించి గాని ఉంటే న్యుమోనియాగా అనుమానించి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోవడం, పాలు గాని నీళ్లు గాని తాగలేకపోవడం, తాగినదంతా కక్కడం, ఫిట్స్ రావడం, పిలిచినా పలకకుండా మగతగా పడి ఉండడం, కంటి నల్లగుడ్డు మసకబారడం, నోటిలో లోతుగా పుండ్లు పడడం - ఇందులో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారనిద్దాం అనుకోరాదు. 108కి ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది, డబ్బు కట్టవలసిన పని లేదు. పొక్కు తగ్గిన తరువాత మళ్లీ జ్వరం తిరగబెట్టినా ఏమరరాదు.

వేపమండ ఉండనివ్వండి

ఈ విలేఖరి ఆచారాలను ఎగతాళి చేయడానికి ఇది రాయడం లేదు. గుమ్మానికి వేపమండ కట్టడం, బయటివారిని లోనికి రానివ్వకపోవడం, ఆ ఇంటి పిల్లలను ఇతరుల ఇళ్లకు పంపకపోవడం మన పెద్దలు ఏనాడో కనిపెట్టిన కట్టుబాటు. డాక్టర్లు కూడా అంటురోగికి చెప్పేది ఇదే. పొక్కు లేచిన నాటి నుంచి నాలుగు రోజులు బిడ్డను విడిగా ఉంచాలని వారంటారు. ఇంట్లో తాలింపు పెట్టకపోవడం వల్ల దగ్గే బిడ్డకు ఘాటు తగలదు. బిడ్డ పక్కన మెత్తని గుడ్డ, చల్లని చీకటి గది ఉండడం మంచిదే. అమ్మవారికి మొక్కుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

మానవలసినవి వేరే ఉన్నాయి. పథ్యం పేరుతో బిడ్డను మాడ్చడం, పాలు, గుడ్డు మాన్పించడం, నీళ్లు తక్కువ పోయడం, కళ్లలో ఆకు పసరు పిండడం, ‘నీళ్లు పోసే’ రోజు దాకా ఆసుపత్రి గడప తొక్కకపోవడం - ఇవీ చేటు తెచ్చేవి. మందు వేయిస్తే అమ్మకు కోపం వస్తుందన్న భయం మరీ చేటు. మన ఊళ్లలో ముఖాన స్ఫోటకపు గుంటలు ఉన్న ముసలివాళ్లు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. ఆనాడు అమ్మలన్నింటిలోకి పెద్దమ్మ ఆ మశూచియే. మన దేశంలో దాని చివరి కేసు 1975లో నమోదయింది. 1980లో ప్రపంచం నుంచే అది పోయిందని ప్రకటించారు. టీకాలు వేయించుకున్నందుకు ఏ దేవతా ఆగ్రహించలేదు.

ఈ విలేఖరి ఇంట్లోనే...

పక్కవారి సంగతి చెప్పి సొంత సంగతి దాచడం న్యాయం కాదు. 2021 మే నెలలో ఈ విలేఖరి చెల్లెలికి కూతురు పుట్టింది. తొమ్మిది నెలలకు వేయవలసిన టీకా 2022 ఫిబ్రవరిలో పడాలి. అప్పటికి చెల్లెలు, బావ మిరప చేలో ఉన్నారు. ఉగాదికి వచ్చారు. ఏ.ఎన్.ఎం. ఇంటికి వచ్చిన రోజున పిల్లకు జలుబు చేసిందని పంపించివేశారు. నిజానికి చిన్నపాటి జలుబు ఉన్నా టీకా వేయవచ్చు. ఆ తరువాత విత్తనాలు, కలుపులు, పండుగలు. రేపు మాపు అంటూనే డిసెంబరులో మళ్లీ సుగ్గి బండి ఎక్కారు.

2023 ఫిబ్రవరిలో ఒక రాత్రి చెల్లెలు ఫోన్ చేసింది. “అన్నా, పిల్లకు నాలుగు దినాల నుంచి జరం, కండ్లు ఎర్రగయినాయి, ఇప్పుడు ఒళ్లంతా పేలింది. ఏం చేయల్ల?” అని అడిగింది. టీకాల శిబిరాల వార్తలు ఎన్నో రాసిన ఈ విలేఖరి చెప్పిన సమాధానం ఇదీ: “అమ్మ పోసినట్లుంది. వేపాకు పరిచి పండబెట్టు. ఎవురితోనూ సూది వేయించొద్దు, దానంతట అదే పోతుంది.”

సూది వద్దన్నది తప్పు కాదు. ఆసుపత్రికి పొమ్మని చెప్పకపోవడమే తప్పు. గుడిసెల్లో ఎవరో పెద్దామె మంచి చేయబోయి కళ్లలో ఆకు పసరు పిండింది. మూడు రోజులకు రెప్పలు అతుక్కుపోయాయి. ఊపిరి ఎగబీలుస్తుంటే మేస్త్రీ బండిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి వైద్యులు న్యుమోనియాకు మందులు ఇచ్చి, విటమిన్ ‘ఎ’ పోసి బిడ్డను దక్కించారు. కుడి కన్నునూ కాపాడారు. ఎడమ కంటి నల్లగుడ్డు మీద మాత్రం పువ్వు నిలిచిపోయింది.

అదే గుడిసెల్లో, అదే వారంలో మరో కుటుంబంలోని మూడేళ్ల పిల్లవానికి కూడా తట్టు పోసింది. వాని తల్లి పొక్కు లేచిన మరునాడే కోతకు పోకుండా, ఆ రోజు కూలి వదులుకుని ఆసుపత్రికి పోయింది. విటమిన్ ‘ఎ’ రెండు మోతాదులు, జ్వరం మందు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు తెచ్చుకుంది. పది రోజులకు పిల్లవాడు ఆటలో పడ్డాడు. ఇద్దరికీ పట్టింది ఒకటే జబ్బు. తేడా నాలుగు రోజులే.

మేనకోడలు ఇప్పుడు అంగన్‌వాడీకి వెళుతున్నది. ఎడమ పక్క నుంచి ఎవరైనా పిలిస్తే తల మొత్తం తిప్పి చూస్తుంది.

సుగ్గి లెక్క, టీకా లెక్క

తట్టు టీకాను మన దేశంలో 1985 నుంచి పిల్లల టీకాల కార్యక్రమంలో ఇస్తున్నారు. 2010 నుంచి రెండో మోతాదు కలిపారు. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తొమ్మిది నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ తట్టు, రుబెల్లా కలిసిన ఎం.ఆర్. టీకా వేశారు. అప్పటి నుంచి మామూలు కార్యక్రమంలో కూడా ఈ కలిసిన టీకానే వేస్తున్నారు. మొదటి మోతాదు 9 నెలలు నిండగానే, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. తొమ్మిది నెలలకు వేసిన ఒక్క మోతాదు నూటికి సుమారు 85 మందిని కాపాడుతుంది. రెండో మోతాదు పడితేనే ఆ రక్షణ దాదాపు పూర్తవుతుంది. టీకా అందని పిల్లలు ఒకచోట పోగుపడితే ఏమవుతుందో 2022 చివరిలో ముంబయిలోని గోవండి మురికివాడలు చూశాయి. ప్రపంచం మొత్తం మీద 2023లో తట్టుతో సుమారు లక్షా 7 వేల మంది చనిపోయినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అత్యధికులు ఐదేళ్ల లోపు పిల్లలే.

మన పల్లెల లెక్క ఇలా ఉంది. మార్చి నుంచి జూలై మధ్య పుట్టిన బిడ్డకు తొమ్మిది నెలలు నిండేది డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపు. ఆ నెలల్లో తల్లి ఊర్లో ఉండదు. ఏ.ఎన్.ఎం. పుస్తకంలో ఆ పేరు ఎదురుగా ‘ఊర్లో లేరు’ అని పడుతుంది. చేను ఉన్న ఊరి ఏ.ఎన్.ఎం. పుస్తకంలో ఆ పేరే ఉండదు. రెండు పుస్తకాల మధ్య బిడ్డ జారిపోతున్నది.

అయితే జారిన అవకాశం పోయినట్లు కాదు. గడువు దాటినా ఐదేళ్ల లోపు ఎప్పుడైనా ఎం.ఆర్. టీకా వేస్తారు, రెండు మోతాదుల మధ్య కనీసం నెల రోజుల ఎడం ఉంటే చాలు. ఏ ఊరి బిడ్డ అయినా ఏ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనైనా ఉచితంగా వేయించుకోవచ్చు. ఆధారాలు లేవని తిప్పి పంపవలసిన పని లేదు. తట్టు ఉన్న బిడ్డతో కలిసి తిరిగిన పిల్లలకు మూడు రోజుల లోపు టీకా వేస్తే జబ్బు రాకుండా ఆపే అవకాశం కూడా ఉంది. టీకా వేసిన వారం పది రోజులకు కొందరికి కొద్దిపాటి జ్వరం, పలుచని దద్దురు రావచ్చు. అది రెండు మూడు రోజుల్లో పోతుంది.

కనుక సుగ్గికి బయలుదేరే ముందు తల్లులు చేయవలసినవి మూడు. బిడ్డ టీకాల కార్డు తీసి ఎం.ఆర్. గడి నిండిందో లేదో ఏ.ఎన్.ఎం.కు గాని, చదువు వచ్చిన పిల్లలకు గాని చూపించుకోవాలి. కార్డును బియ్యం మూటతో పాటు కట్టుకుపోవాలి, సెల్‌ఫోనులో దానిని ఫొటో తీసి ఉంచుకోవాలి. చేను చేరిన మొదటి వారంలోనే దగ్గరలోని ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో, టీకాలు ఏ రోజున వేస్తారో మేస్త్రీ చేత కనుక్కోవాలి.

అధికారులు తలచుకుంటే ఇదేమంత భారమైన పని కాదు. నవంబరులోనే ఊరూరా సుగ్గికి పోయే కుటుంబాల జాబితా రాసి, తొమ్మిది నెలలు నిండిన ప్రతి బిడ్డకు బండి ఎక్కేలోపు టీకా వేయవచ్చు. మిగిలిన పిల్లల పేర్లు వారు చేరే మండలాలకు పంపవచ్చు. కోతలు సాగే నెలల్లో గుడిసెల దగ్గరకే ఒక పూట ఏ.ఎన్.ఎం.ను పంపవచ్చు. కూలీలను కూడగట్టే మేస్త్రీల దగ్గర ప్రతి కుటుంబం లెక్కా ఉంటుంది. పత్తి, మిరప గింజల లెక్క తప్పకుండా రాసుకునే మనం పిల్లల లెక్క రాసుకోలేమా అని ఇక్కడి తల్లిదండ్రులు ప్రశ్నిస్తున్నారు.

ఈ ఏడు సుగ్గికి పోయేటప్పుడు చెల్లెలు తన రెండో బిడ్డ కార్డును ప్లాస్టిక్ కవరులో చుట్టి, మూట అడుగున కాక పైన పెట్టుకుంది. అందులో ఎం.ఆర్. గడులు రెండూ నిండి ఉన్నాయి. గుమ్మానికి వేపమండ కట్టవలసిన అవసరం ఈ బిడ్డకు రాకూడదని ఆమె మొక్కుకుంది. మొక్కుకునే ముందు టీకా వేయించింది.